లాయరు ఒపీనియనా, అమ్మినవాళ్ల హామీనా, టైటిల్ ఇన్సూరెన్సా? బరంపురం బిల్డర్లకు ఏది మేలు

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి వైపు అపార్టుమెంట్లు కడుతున్న మనవాళ్లు పదేపదే అడిగే ప్రశ్న ఒకటే: "ముప్పై ఏళ్ల ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) తీయించాం, లాయరుగారు ఒపీనియన్ ఇచ్చారు. మళ్లీ టైటిల్ ఇన్సూరెన్స్ (స్థలం హక్కులో లోపాలకు బీమా) ఎందుకండీ, డబ్బు దండగ కాదూ?"

లాయరు చూడకుండా బయానా ఇవ్వకూడదు, అందులో రెండో మాట లేదు. 1936 దాకా గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. పాత దస్తావేజుల్లో తెలుగువీ ఉంటాయి, తర్వాతివి ఒడియాలో, మధ్యలో జమీందారీల రద్దు. ఈ లింకులన్నీ చదివి కలపగల లాయరు దొరికితే సగం గండం గడిచినట్టే. కానీ ఒపీనియన్ ఇచ్చేది కాగితంలో కనిపించినదాని మీదే. ఈసీలోకి వచ్చేది రిజిస్టరైన లావాదేవీలే. సంతకం పెట్టని ఆడపడుచు అందులో కనపడదు.

ఇద్దరు అన్నదమ్ములు ఈమధ్యే పిత్రార్జితం అమ్మారనుకోండి. శ్రీకాకుళంలో ఉన్న అక్కగారిని ఎవరూ అడగలేదు. 2005 హిందూ వారసత్వ చట్ట సవరణతో ఆవిడకూ కొడుకులతో సమానంగా వాటా ఉంది. మీ మూడో శ్లాబు పడ్డాక ఆవిడ పార్టిషన్ దావా వేసి స్టే తెచ్చారు. న్యాయం ఆవిడ పక్షాన ఉండొచ్చు కూడా.

అమ్మినవాళ్లు నష్టం భరిస్తామని సేల్ డీడ్‌లో రాశారుగా అంటారు. రాశారు. అది రాబట్టాలంటే మీరు వాళ్లమీద కోర్టుకెక్కాలి. గెలిచేసరికి ఆ డబ్బు పెళ్లిళ్లకో అప్పులకో అయిపోయి ఉంటుంది. మీమీద బాధ్యత మాత్రం పోదు. రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం సెక్షన్ 18(2) ప్రకారం, భూమి టైటిల్ లోపం వల్ల ఫ్లాటు కొన్నవాళ్లు నష్టపోతే ప్రమోటరే, అంటే బిల్డరే, పరిహారం కట్టాలి, ఆ క్లెయిముకు కాలపరిమితి అడ్డు రాదు. నన్నడిగితే అసలు తేల్చాల్సింది ఇక్కడే. గడువు లేని బాధ్యతకు ఆనాటికి డబ్బు కట్టగలిగేవాళ్ల అండ కావాలి.

అందుకే నా మొగ్గు టైటిల్ ఇన్సూరెన్స్ వైపు. సాధారణంగా ప్రీమియం ఒకేసారి కడతారు. పాలసీ తీసుకునేనాటికే ఉండి బయటపడని లోపాలకు కవరు వస్తుంది. దావా పడితే లాయరు ఫీజులు, కోర్టు ఖర్చులు కంపెనీ చూసుకుంటుంది, ఓడితే పాలసీ మొత్తం మేరకు నష్టం ఇస్తుంది. అయితే తెలిసిన లోపం దాచిపెడితే క్లెయిము రాదు. నోటీసు అందగానే కంపెనీకి తెలపాలి. వాళ్లను అడగకుండా అక్కగారితో రాజీపడితే ఆ డబ్బు మీ జేబులోంచే పోవచ్చు.

స్థలం మీద అభ్యంతరాలుంటే చెప్పమని పేపరు ప్రకటన కూడా వేయించండి, ఖర్చు తక్కువే. దాన్నే నమ్ముకోకండి.

రాయగడ, కోరాపుట్ జిల్లాలవాళ్లకు ఒక మాట. అవి పూర్తిగా షెడ్యూల్డ్ (ఆదివాసీల రక్షణకు ప్రత్యేక నిబంధనలున్న) ప్రాంతాలు. ఆ ప్రాంతాల్లో భూమి బదిలీపై 1956 నాటి ఒడిశా రెగ్యులేషన్, దాని 2002 సవరణల ప్రకారం ఆదివాసీ భూమిని గిరిజనేతరులకు అమ్మితే చెల్లదు. ఆ భూమి జోలికి వెళ్లకండి. ఏ పాలసీ దాన్ని మీది చెయ్యదు, చెయ్యకూడదు కూడా.

రెరా సెక్షన్ 16లో టైటిల్ బీమా మాట ఉంది కానీ రాష్ట్రం నోటిఫై చేస్తేనే తప్పనిసరి. దానికోసం ఆగొద్దు. కొటేషన్ అడిగేటప్పుడు స్థలం కొన్న ధరకే కాకుండా, కట్టడం పూర్తయ్యాక ఉండే విలువకు అడగండి. పదో ఫ్లాటు బుక్కయ్యాక దావా పడితే పోయేది స్థలం ధర ఒక్కటే కాదు.