మా ఊరి ఫెన్సింగ్ క్లబ్బు: ఫీజు తక్కువ, చాకిరీ ఎక్కువ

పోయిన ఉగాదికి ఇక్కడి తెలుగువాళ్ళం హాల్లో కలిసినప్పుడు, పచ్చడి గిన్నె దగ్గరే ముగ్గురు నన్ను ఆపారు. “అన్నా, మీ పాప కత్తియుద్ధం నేర్చుకుంటోందట కదా, మా వాణ్ణి కూడా చేర్చమంటావా?” చేతిలో గరిటె పెట్టుకుని రెండు ముక్కల్లో చెప్పే సంగతి కాదది. మూడేళ్ళ నుంచి వెళ్తున్నాం కాబట్టి తీరిగ్గా రాస్తున్నాను. నా మార్కులు అయిదుకి నాలుగు.

మేముండేది ఇంగ్లండులో, బెర్క్‌షైర్‌లో ఒక చిన్న ఊరు. క్లబ్బు అనగానే సొంత బిల్డింగు, రిసెప్షను, కాఫీ మెషీను ఊహించుకోకండి. బుధవారం సాయంత్రం ఆరున్నర నుంచి తొమ్మిది దాకా ఒక హైస్కూలు స్పోర్ట్స్ హాలు అద్దెకి తీసుకుంటారు, అంతే. మిగతా ఆరు రోజులూ క్లబ్బంతా ఒక ఇనప బీరువాలోనూ, ఇద్దరి కార్ల డిక్కీల్లోనూ, ఒకాయన గరాజ్‌లోనూ సర్దుకుని ఉంటుంది. ఫెన్సింగ్ ఆడే పట్టీని పిస్ట్ అంటారు, పొడవు 14 మీటర్లు. హాల్లో ఉన్నవి బ్యాడ్మింటన్ కోర్టు గీతలు, 13.4 మీటర్లు. ఆ తక్కువైన జానెడు జానెడూ ప్రతి బుధవారం ఎవరో ఒకరు మోకాళ్ళ మీద కూర్చుని టేపు వేస్తారు. మే, జూన్ నెలల్లో హాలు నిండా పరీక్షల బల్లలు వేసేస్తారు కనక మేము చర్చి హాలుకి మారతాం. అక్కడ నేల జారుడు.

మా ఇంట్లో ఈ పిచ్చికి మూలం భవానీదేవి. 2021 జూలైలో, టోక్యో ఒలింపిక్స్‌లో, ఆ చెన్నై అమ్మాయి ట్యునీషియాకి చెందిన నాదియా బెన్ అజీజీని 15-3తో ఓడించిన వీడియో మా పాప ఎన్నిసార్లు చూసిందో లెక్కలేదు. తర్వాతి బౌట్‌లో ఫ్రాన్సు అమ్మాయి మనోన్ బ్రూనే చేతిలో 7-15తో ఓడిపోయింది. అది మాత్రం ఒక్కసారే చూసింది. ఒలింపిక్స్‌లో ఫెన్సింగ్ ఆడిన మొదటి భారతీయురాలు భవానీ. మొదట్లో ఆవిడ వెదురు కర్రలతోనే సాధన చేసిందని విజయనగరంలో ఉన్న మా అమ్మకి ఫోన్‌లో చెప్తే, “మీ తాత కర్రసాము చేసినోడేరా, అయినా ఆడపిల్లకి కత్తేటి?” అంది. ఆ కత్తికి పదునుండదు, చివర మొన బదులు చిన్న బటన్ ఉంటుందని చెప్పాను. “మరెందుకూ?” అంది.

భవానీ ఆడేది సేబర్. అందులో అంచుతో కొట్టినా పాయింటే, నడుము పైన దాదాపు ఎక్కడ తగిలినా పాయింటే. మా క్లబ్బులో పిల్లలకి మొదలుపెట్టేది ఫాయిల్. మొనతోనే పొడవాలి, అదీ మొండెం మీదే. ఈ తేడా మొదటి రోజు తెలిసి మా పాప కారులో ఇంటిదాకా మాట్లాడలేదు.

హెడ్ కోచ్ రిటైరైన ఫిజిక్స్ మాస్టారు, డెబ్బై దాటాయి. పిల్లలందరూ ఆయన్ని పేరు పెట్టి పిలుస్తారు, మా పాపతో సహా. నాకు నోరు రాక ‘సర్’ అంటాను. ఆయన వేరే ఎవరినో పిలిచాననుకుని వెనక్కి తిరిగి చూస్తారు. పెట్రోలు ఖర్చు తప్ప పైసా తీసుకోరు. ఆయనకి తోడు ఒక యూనివర్సిటీ కుర్రాడు, చిన్నప్పుడు ఇదే హాల్లో నేర్చుకున్నవాడు. పెద్దవాళ్ళకి ఎపే (ఒంట్లో ఎక్కడ పొడిచినా పాయింటొచ్చే మూడో రకం కత్తి) నేర్పేది ఒక నర్సు. డ్యూటీ దిగి తిన్నగా వచ్చేస్తుంది, కొన్నిసార్లు యూనిఫాం మీదే జాకెట్ తొడుక్కుంటుంది.

మొదటి రెండు వారాలు కత్తే ఇవ్వలేదు. అడుగు ముందుకి, అడుగు వెనక్కి, లంజ్ (ముందుకాలు బారుగా వేసి ముందుకి వంగి పొడవడం). మూడోవారం ఒక ఆట. మాస్టారు భుజం ఎత్తులో గ్లవ్ పట్టుకుని నిలబడతారు. ఎదురుగా పిల్ల ఎన్‌గార్డ్ భంగిమలో, అంటే మోకాళ్ళు వంచి ఆటకి సిద్ధంగా. చెప్పా పెట్టకుండా ఆయన గ్లవ్ వదిలేస్తారు, అది నేల తాకేలోపు లంజ్ వేసి గాల్లోనే పట్టుకోవాలి. మా పాప పదిసార్లకి పదిసార్లూ కాలు ముందు వేసి చెయ్యి తర్వాత చాపింది. గ్లవ్ పదిసార్లూ కింద. ఆయన కోప్పడలేదు, మెచ్చుకోనూ లేదు. “చెయ్యి ముందు, కాలు తర్వాత” అని ప్రతిసారీ అదే గొంతుతో అన్నారు. ఆ వారమంతా మా వంటింట్లో నేను మేజోడు వదలడం, అది పట్టుకోవడం. తర్వాతి బుధవారం పదికి ఆరు పట్టింది. ఆయన తలూపి పక్కపిల్ల దగ్గరికి వెళ్ళిపోయారు. ఆ తలూపుకి వారం రోజులు మా ఇంట్లో పండగ.

ఫాయిల్‌లో తల్లిదండ్రులకి కొరుకుడు పడనిది రైట్ ఆఫ్ వే. కత్తి తగిలితే స్కోరింగ్ బాక్సు మీద లైటు వెలుగుతుంది. ఇద్దరికీ వెలిగినప్పుడు దాడి ఎవరు మొదలుపెట్టారో వాళ్ళకే పాయింటు. ఎదుటివాళ్ళు దాన్ని కత్తితో పక్కకి నెడితే వంతు వాళ్ళది. చదవడానికి తేలికే, కళ్ళ ముందు అర సెకనులో జరిగిపోతుంటే మాత్రం ఏమీ కనబడదు. నాకు ఏడాది పట్టింది. ఇక్కడ మెచ్చుకోవాల్సిందేమిటంటే రిఫరీలుగా పిల్లల్నే నిలబెడతారు. పదేళ్ళ పిల్ల, తనకన్నా అడుగు పొడుగున్న కుర్రాడికి “నీ దాడి అందలేదు, పాయింటు వాళ్ళది” అని చెప్పాలి. అతను మాస్కు తీసి సరే అనాలి. బౌట్ ముందు సెల్యూట్, అయ్యాక కరచాలనం. ఇది తప్పిస్తే మాస్టారు ఊరుకోరు. ఆయన గొంతు పెంచడం నేను విన్నది అందుకే, రెండే రెండుసార్లు.

దెబ్బలు తగలవా అని అందరూ అడుగుతారు. నీలం మచ్చలు ఖాయం. అంతకు మించి మాకు ఏమీ జరగలేదు. 1982లో రోమ్ ప్రపంచ పోటీల్లో సోవియట్ ఆటగాడు వ్లదీమిర్ స్మిర్నోవ్ మాస్కులోంచి విరిగిన బ్లేడు దూసుకుపోయి చనిపోయాడు. ఆ తర్వాతే బ్లేడ్ల ఉక్కు, మాస్కుల జాలీ, బట్టల నియమాలు గట్టిపడ్డాయని మాస్టారు మొదటిరోజే తల్లిదండ్రులందరినీ కూర్చోబెట్టి చెప్పారు. భయపెట్టడానికా అనుకున్నాను. కాదు, జాకెట్ కింద వేసుకునే ప్లాస్ట్రన్ మర్చిపోయి వచ్చిన పిల్లల్ని ఎందుకు వెనక్కి పంపుతారో ముందే తెలియాలని. ఒకసారి నా ముందే బ్లేడు విరిగింది, ఎండుకొమ్మ విరిగిన చప్పుడు. హాలంతా ఆగింది. ముక్కలు రెండూ దొరికేదాకా ఎవర్నీ కదలనివ్వలేదు.

ఇక డబ్బు. ఎనిమిది వారాల బిగినర్స్ కోర్సుకి మేము కట్టింది డెబ్బై పౌండ్లు, సామాను వాళ్ళదే. తర్వాత టర్ముకి తొంభై అయిదు. దీనికి తోడు బ్రిటిష్ ఫెన్సింగ్ సభ్యత్వం, ఇన్సూరెన్సు దాంతోనే వస్తుంది. ప్రైవేటు అకాడమీల రేట్లు విన్నవాళ్ళకి ఇది నమ్మశక్యంగా ఉండదు. నిజానికి ఈ ఫీజులు హాలు అద్దెకే సరిపోతాయి. కత్తులు, వైర్లు, స్కోరింగ్ బాక్సులు అన్నీ చందాలు, స్టాళ్ళు, గ్రాంట్ల మీద నడవాల్సిందే.

స్టాలు సంగతి చెప్పాలి. ఏటా ఊరి సమ్మర్ ఫేర్‌లో క్లబ్బు ఒక బల్ల వేస్తుంది. ఒక పక్క పిల్లలు ప్లాస్టిక్ కత్తులతో ఆడించడం, ఇంకో పక్క ఇళ్ళలో చేసుకొచ్చిన కేకులు అమ్మడం. మా ఆవిడ “కేకు నా వల్ల కాదు, పులిహోర చేస్తా” అని పెద్ద గిన్నెడు కలిపి తెచ్చింది. ట్రెజరరు ఒక కాగితం పట్టుకొచ్చింది. ఈ దేశంలో తప్పనిసరిగా చెప్పాల్సిన అలర్జీ పదార్థాలు 14. “ఇందులో వేరుశనగ ఉందా?” ఉంది. “ఆవాలు?” పోపు లేకుండా పులిహోర ఏమిటి, ఉన్నాయి. ఆవాలు కూడా ఆ జాబితాలో ఉన్నాయని మాకు అప్పుడే తెలిసింది. ఇంగువ డబ్బా తిప్పి చూస్తే అందులో గోధుమపిండి. “ఇవన్నీ తీసేస్తే మిగిలేది పసుపన్నం” అని మా ఆవిడ నాతో తెలుగులో అని, ఆమెతో నవ్వుతూ ఇంగ్లీషులో అట్టముక్క అడిగి పెద్దక్షరాలతో అన్నీ రాసి గిన్నెకి ఆనించింది. ఒంటిగంటకల్లా గిన్నె ఖాళీ. అదే గిన్నె మళ్ళీ ఏడాది కూడా అడిగారు. ఈసారి కాగితం ముందే నింపుకెళ్ళాం.

గిఫ్ట్ ఎయిడ్ అని ఒకటుంది. పన్ను కట్టేవాళ్ళు పౌండు విరాళమిస్తే ప్రభుత్వం నుంచి క్లబ్బుకి ఇంకో పాతిక పెన్నీలు వస్తాయి. టర్ము ఫీజుకి ఇది వర్తించదు, విరాళానికే. ఆ ఫారం మీద సంతకం పెట్టమంటే మనవాళ్ళు అనుమానంగా చూస్తారు. పెట్టండి, మీ జేబులోంచి అదనంగా పోయేదేం లేదు. నేషనల్ లాటరీ వాళ్ళు చిన్న సంఘాలకి 300 నుంచి 20,000 పౌండ్ల దాకా ఇస్తారు. ఆ దరఖాస్తు మా వంటింటి బల్ల మీదే మూడు రాత్రులు రాశాం. నేను మొదట “మాకు స్కోరింగ్ బాక్సులు కావాలి” అని రాస్తే ట్రెజరరు చింపేసింది. ఊళ్ళో ఎవరికి ఏం ఒరుగుతుందో రాయాలట. డబ్బు వచ్చింది. రెండు బాక్సులు, నాలుగు రీళ్ళు (ఆడేవాళ్ళని బాక్సుకి కలిపే వైరు చుట్టలు), చిన్న సైజు జాకెట్లు, వాటితోపాటు ఎడమచేతి సామాను కొన్నాం.

ఎడమచేతి సామాను అన్నాను కదా, మా పాపది ఎడమచెయ్యి. జాకెట్ జిప్పు కత్తి పట్టని చెయ్యి వైపు ఉండాలి. అంటే కుడిచేతివాళ్ళ జాకెట్ దీనికి పనికిరాదు. ఆ డబ్బు రాకముందు క్లబ్బు మొత్తానికి ఎడమచేతి జాకెట్ ఒక్కటే, అదీ పదహారేళ్ళ వాడి సైజు. ఏడాదిపాటు చేతులు మడుచుకుని అదే వేసుకుంది.

నేనెలా ఇరుక్కున్నానో చెప్పలేదు. మొదట్లో పాపని దింపేసి కారులో కూర్చుని ఫోను చూసుకునేవాణ్ణి. రెండో నెల చలికి తట్టుకోలేక లోపలికెళ్తే, ఆర్మరర్ (కత్తులు, వైర్లు బాగుచేసే) పెద్దాయన అద్దాలు నుదుటి మీదికి తోసుకుని నన్ను చూసి “మీ కళ్ళు బాగున్నాయా?” అన్నాడు. బాగున్నాయన్నాను. అంతే.

ఫాయిల్ లోపల ఒక సన్నటి తీగలో కరెంటు ఎప్పుడూ పారుతుంటుంది, మొన నొక్కితే తెగుతుంది. కనక తీగ ఎక్కడ ఊడినా బాక్సు మీద తెల్ల లైటు వెలిగి కూర్చుంటుంది. మొనని పట్టి ఉంచేవి రెండు స్క్రూలు, ఒక్కొక్కటీ ఆవగింజకి అన్నలా ఉంటుంది. కింద పడితే అయస్కాంతంతో వెతకాలి. బాగుచేశాక మొన మీద 500 గ్రాముల బరువు పెట్టి నొక్కి వదిలితే స్ప్రింగు దాన్ని పైకి లేపాలి, లేపకపోతే మళ్ళీ మొదటికి. తీగ మార్చాలంటే బ్లేడుని విల్లులా వంచి గాడిలో జిగురు పొయ్యాలి. మొదటి మూడు బ్లేడ్లు నేను పాడుచేశాను. నాలుగోది ఆదివారం రాత్రి పదకొండింటికి బరువుని టక్కున లేపింది. పొద్దున్నించీ సాయంత్రం దాకా క్లౌడ్‌లో పనిచేసేవాడికి చేత్తో ముట్టుకోగలిగే పని దొరికితే ఎలా ఉంటుందో మీలో సగం మందికి తెలుసు. పిల్లలున్న చోట పనిచేసేవాళ్ళకి డీబీఎస్ చెక్, అంటే నేరచరిత్ర తనిఖీ, కావాలి. వాలంటీర్లకి అది ఉచితం. మూడు వారాల్లో వచ్చింది.

ఆ ఒక్క మార్కు ఎందుకు కోశానంటే, ఇదంతా అయిదారుగురి భుజాల మీద నడుస్తోంది. పోయిన చలికాలం మాస్టారికి తుంటి ఆపరేషన్ అయితే ఆరు వారాలు పిల్లలు సగానికి సగం రాలేదు. వార్షిక సమావేశానికి వచ్చింది ఏడుగురం, అందులో ఇద్దరం టీ కాచడానికి. క్లాసు రద్దయిన ఈమెయిలు ఒక్కోసారి హాలు తలుపు దగ్గర నిలబడ్డాక వస్తుంది. సెక్రటరీకీ ఉద్యోగం ఉంది కదా అని సర్దుకుంటాం గానీ వానలో తడిసినప్పుడు కోపం వస్తుంది. పెద్దవాళ్ళ బ్యాచికి సమయం ఎప్పుడూ మిగలదు, పిల్లల బౌట్లు తొమ్మిదింటికి పది నిమిషాలు తక్కువ దాకా లాగుతాయి. డబ్బు కట్టాం, నేర్పండి అన్నట్టు కారు దిగని తల్లిదండ్రులు కొందరున్నారు. నేనూ ఒకప్పుడు ఆ బాపతే కాబట్టి ఎక్కువ అనలేను.

మీ పిల్లాడు జాతీయ ర్యాంకింగు కొట్టాలనుకుంటే వారానికి ఒక్క సాయంత్రం ఏ మూలకీ చాలదు, పెద్ద ఊరి క్లబ్బు చూసుకోండి. మా పాప పోటీలకి వెళ్ళింది మూడే. మొదటిదానికి పొద్దున్న ఆరింటికి బయల్దేరి రెండు గంటలు కారు నడిపి, పూల్‌లో (తొలి గుంపు ఆటల్లో) అయిదు బౌట్లూ ఓడి, మధ్యాహ్నం పన్నెండింటికల్లా తిరుగుప్రయాణం. దారిలో చిప్స్ తింటూ, “ఆ పొడుగమ్మాయి మీద నాలుగు టచ్‌లు కొట్టాను నాన్నా” అంది. అయిదు కొడితే గెలుపు.

కొత్త టర్ము బిగినర్స్ కోర్సుకి షార్ట్స్ వేసి పంపకండి, కాళ్ళు మూసే ట్రాక్ ప్యాంటు ఉండాలి. మాస్కు ఇప్పుడే కొనకండి, ఎనిమిది వారాలు ఆగండి. నీళ్ళ సీసా మీద పేరు రాయండి. ఆరుంబావుకే వస్తే తలుపు దగ్గర రీళ్ళ పెట్టె మోస్తూ నేనే కనబడతాను. బరువెక్కువ, రెండో కొస పట్టుకోండి.