తీరిక ప్రయాణాలకు స్ప్లెండర్ ప్లస్: విశాఖ చుట్టుపక్కల పల్లె దారుల్లో వాడి చూశాక

విశాఖ నుంచి పల్లెల మీదుగా తీరిగ్గా తిరగడానికి బండి కొందామనుకునేవాళ్లు చాలామంది 350 సీసీకి తక్కువ ఆలోచించరు. బీఎస్‌6 స్ప్లెండర్ ప్లస్‌ని ఏళ్ల తరబడి ఇవే దారుల్లో నడిపాక నా మాట ఇది: గంటకు 40, 45 దాటని తిరుగుళ్లకు ఈ 97.2 సీసీ చాలు. కాకపోతే బ్రేకులు, చైను, హ్యాండిల్ కోన్ సెట్ (హ్యాండిల్ తిరగడానికి మెడ దగ్గరుండే బేరింగు) ఈ మూడింటినీ సిటీ బండికి చూసినట్టు చూస్తే కుదరదు. హైవే మీద 80లో పోవాలన్నా, ఇద్దరు మనుషులు రెండు బ్యాగులతో అరకు ఎక్కాలన్నా వేరే బండి చూసుకోండి. దీనికి అది పని కాదు.

సుమారు 8 హార్స్‌పవర్, నాలుగు గేర్లు, 9.8 లీటర్ల ట్యాంకు, 112 కిలోల బరువు. వీటిలో పల్లె దారి మీద అక్కరకొచ్చేది చివరి అంకె. చెరువు గట్టు మీద దారి హఠాత్తుగా ఆగిపోతుంది, అటు నీళ్లు, ఇటు పొలం, మధ్యలో బండిని వెనక్కి తిప్పాలి. రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 బరువు 195 కిలోలు. దాన్ని మెత్తటి మట్టిలో ఒక్కరే తిప్పడమంటే చెమటలు పడతాయి. దీన్ని సెంటర్ స్టాండు వేసి అక్కడికక్కడే గిర్రున తిప్పేయొచ్చు. భీమిలి వైపు ఇసుకలో వెనక చక్రం దిగబడినా దిగి, మొదటి గేరులో నెమ్మదిగా తోస్తూ బయటికి తెచ్చుకోవచ్చు. యాక్సిలరేటర్ మాత్రం తిప్పేయకండి. చక్రం తిరిగే కొద్దీ గొయ్యి తవ్వుకుంటుంది.

మైలేజీ గురించి ఎక్కువ రాయక్కర్లేదు. మైదానంలో నిదానంగా నడిపితే లీటరుకు 60 పైమాటే, ఘాట్ ఎక్కితే తగ్గుతుంది. ట్యాంకు నింపుకుని బయలుదేరితే శృంగవరపుకోట అయినా మాడుగుల అయినా వెళ్లి రావడానికి బంకు వెతుక్కునే పని లేదు.

నిదానంగా నడపడంలో ఎక్కువమందికి పట్టని సంగతి గేరు. 25, 30లో పోతూ నాలుగో గేరులోనే ఉంచేస్తారు, మైలేజీ వస్తుందని. ఆ వేగంలో ఇంజను గుంజుకుంటుంది, ప్రతి స్ట్రోకుకూ చైను లాగి వదులుతుంది, స్ప్రాకెట్ పళ్లు ముందే వంకర తిరుగుతాయి. 35 కిందికి వస్తే మూడో గేరు, ఊళ్లో మలుపుల్లో రెండు. ఇంజను శబ్దం నున్నగా ఉందా, కొట్టుకుంటోందా అన్నదే కొలత, మీటరు కాదు.

ఇక దారుల సంగతి. కొత్తవాళ్లకు నేను ముందు చెప్పేది భీమిలి, తగరపువలస, పద్మనాభం వైపు. అక్కణ్ణుంచి అల్లూరి సీతారామరాజు పుట్టిన పాండ్రంగి దాకా గోస్తనీ చుట్టుపక్కల చిన్న చిన్న రోడ్లు అల్లుకుని ఉంటాయి. తాటిచెట్లు, సరుగుడు తోటలు, పెద్ద ఎత్తుపల్లాలు లేని నేల. పద్మనాభం విజయనగరం రాజుకూ ఈస్టిండియా కంపెనీకీ మధ్య 1794లో జరిగిన యుద్ధం వల్ల చరిత్ర పుస్తకాల్లో ఉన్న ఊరు, కొండ మీద గుడి ఉంది. ఈ దారుల్లో ప్రమాదం గోతుల వల్ల కాదు, స్పీడు బ్రేకర్ల వల్ల. రంగు వేయరు, బోర్డు పెట్టరు, ఊరు మొదట్లో ఒకటి, బడి దగ్గర ఒకటి, గుడి దగ్గర ఒకటి. చెట్ల నీడ పడ్డచోట అసలు కనపడవు. నేల నుంచి బండికి 165 మిల్లీమీటర్ల ఎడం ఉంది కాబట్టి ఒక్కరే ఉంటే తగలదు. వెనక మనిషి ఉంటే కొన్నిచోట్ల సెంటర్ స్టాండు రాసుకుంటుంది.

రెండోది కొత్తవలస, లక్కవరపుకోట మీదుగా శృంగవరపుకోట, ఆ పక్కన తాటిపూడి రిజర్వాయరు. మెయిన్ రోడ్డు మీద అరకు వెళ్లే కార్లు, బస్సులు ఎడతెగకుండా వస్తూనే ఉంటాయి. వీలైన చోటల్లా పక్క రోడ్డు పట్టుకోవడం మేలు. మూడోది అనకాపల్లి, చోడవరం, మాడుగుల. చెరకు చేలు, బెల్లం వండే పాకలు, చివర్లో మాడుగుల హల్వా. (హల్వా కోసమే వెళ్లేవాళ్లను తప్పుపట్టను, కానీ పొట్టనిండా తిని మధ్యాహ్నం ఎండలో బండెక్కకండి.)

కోతల కాలంలో ఈ రోడ్లే కళ్లాలు. నవంబరు, డిసెంబరుల్లో సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోస్తారు, అంచున రాళ్లు పేరుస్తారు. ధాన్యం ఎత్తేశాక రాళ్లు కొన్ని అక్కడే మిగిలిపోతాయి. మసకవెలుతురులో బండ్లు పడేది ఆ రాళ్ల మీదే. చోళ్లు, ధాన్యం లాంటి గింజల మీద టైరు జారుతుంది. మీదుగా పోక తప్పకపోతే హ్యాండిల్ నిటారుగా, బ్రేకు ముట్టకుండా దాటాలి.

ఉలవల కాలం ఇంకో రకం. వాహనాలు తొక్కితే గింజ రాలుతుందని తీగల్ని మందంగా రోడ్డుమీద పరుస్తారు. ఆ తీగ చక్రంతోపాటు లేచి, డ్రమ్ముకీ ఫోర్కుకీ మధ్య ఇరుసుకి చుట్టుకుంటుంది. మొదట సరసరమని చప్పుడొస్తుంది, తర్వాత బండి ఎవరో పట్టి లాగినట్టు బరువెక్కుతుంది. అప్పుడు యాక్సిలరేటర్ పెంచితే తీగ మరింత బిగుసుకుని మీటరు కేబుల్‌నో బ్రేకు కేబుల్‌నో లాగేస్తుంది. ఆగి, చక్రాన్ని వెనక్కి తిప్పుతూ చేత్తో తీయాలి. బిగిసిపోతే చిన్న చాకుతో కోయాలి. ఎండు గడ్డి మీద మాత్రం బండి ఆపొద్దు. సైలెన్సర్ వేడికి అంటుకోవడానికి ఎంతోసేపు పట్టదు.

చెరకు నరికే నెలల్లో చోడవరం వైపు ట్రాక్టర్ల వెనక ఓపిక పట్టాలి. ట్రాలీకి రెండువైపులా గడలు మూరెడు బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి, మలుపులో ఆ కొసలు మన హ్యాండిల్ ఎత్తులోనే తిరుగుతాయి. నిటారు రోడ్డు వచ్చేదాకా వెనకే ఉండండి. రాలిన గడ ముక్క టైరు కింద పడితే రోలర్ లాగా దొర్లుతుంది.

ఇప్పుడు ఘాట్. శృంగవరపుకోట దాటి బొడ్డవర, కాశీపట్నం మీదుగా అనంతగిరి వైపు ఎక్కడం ఒక్కరికైతే హాయిగానే ఉంటుంది. మూడో గేరులో ఎక్కుతుంది, మెలికల్లో రెండు. ఇద్దరుంటే చాలాచోట్ల రెండులోనే నడవాలి, వెనక కార్ల హారన్లు వినాలి. వంద మీటర్లు ఎత్తు పెరిగితే ఇంజను బలం సుమారు ఒక శాతం తగ్గుతుంది. కార్బురేటర్ లేని ఇంజెక్షన్ బండి కాబట్టి పెట్రోలు పాళ్లు అదే సర్దుకుంటుంది, నల్లపొగ రాదు, కానీ తగ్గిన బలం తగ్గినట్టే.

అసలు పరీక్ష దిగేటప్పుడు. రెండువైపులా 130 మిల్లీమీటర్ల డ్రమ్ము బ్రేకులు. పట్టి ఉంచుతూ దిగితే డ్రమ్ము వేడికి వ్యాకోచించి లోపలి బ్రేకు షూలకు దూరం జరుగుతుంది, షూల మీది లైనర్ పట్టూ సడలుతుంది. లివర్ రోజూ ఆగే చోట ఆగకుండా గ్రిప్పుకి దగ్గరగా వస్తుంది. కాలిన వాసన వచ్చేసరికే ఆలస్యమైనట్టు. ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలి, మలుపుకు ముందు గట్టిగా కొద్దిసేపు పట్టి పూర్తిగా వదిలేయాలి. వేడెక్కితే పావుగంట ఆపండి, నీళ్లు పోయకండి. న్యూట్రల్‌లో పెట్రోలు ఆదా అని దిగేవాళ్లను ఈ ఘాట్‌లో చూస్తూనే ఉంటాం. ఇంజెక్షన్ బండిలో గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలేస్తే పెట్రోలు ఎలాగూ దాదాపు ఆగిపోతుంది, కాబట్టి అందులో ఆదా ఏమీ లేదు.

ఈ బండిలో వెనక పెడలు తొక్కితే ముందు బ్రేకు కూడా కొంత పడుతుంది. తారు మీద మంచిదే. కంకర మలుపులో మాత్రం పాత అలవాటుకొద్దీ వెనక బ్రేకే కదా అని తొక్కితే ముందు చక్రం కూడా పట్టుకుంటుందన్న సంగతి గుర్తుండాలి. మలుపులోకి రాకముందే వేగం తగ్గించేయాలి. సర్దుబాటు: ముందు లివర్‌లో 10 నుంచి 20 మిల్లీమీటర్లు, వెనక పెడల్‌లో 20 నుంచి 30 మిల్లీమీటర్లు ఖాళీ కదలిక ఉండాలి. బ్రేకు పూర్తిగా నొక్కి పట్టినప్పుడు డ్రమ్ము ప్లేటు మీది బాణం గుర్తు గీతను చేరిందంటే నట్టు బిగించడం ఆపి షూలు మార్చాలి.

చైనుకు నిండా కవరు ఉండటం నా లెక్కలో ఈ బండికున్న పెద్ద సుగుణం. ఎర్రమట్టి లోపలికి అంతగా పోదు. చెడు ఏమిటంటే, కంటికి కనపడదు కాబట్టి ఎవరూ చూడరు. కవరుకున్న రబ్బరు మూత తీసి, చక్రం తిప్పుతూ చైను ఎక్కడ ఎక్కువ బిగుతుగా ఉందో చూసి, అక్కడ కొలవాలి. పైకీ కిందికీ కలిపి సుమారు 25 మిల్లీమీటర్లు ఆడాలి. వదులుగా ఉన్నచోట కొలిచి బిగిస్తే బిగుతు చోట బేరింగు మీద భారం పడుతుంది. రెండువైపులా గుర్తులు సమానంగా ఉండాలి. చక్రం వెనక్కి జరిగితే వెనక బ్రేకు ఖాళీ కూడా మారుతుంది. చైను బిగించి బ్రేకు చూడకుండా పంపేసే మెకానిక్‌లు చాలామంది, మీరే అడిగి చేయించుకోండి.

గతుకుల దారుల్లో ముందుగా అరిగేది కోన్ సెట్. బండి నేరుగా పోయేటప్పుడే దెబ్బలు ఎక్కువ తగులుతాయి కాబట్టి గుళ్లు ఒకేచోట కప్పులో గుంటలు పెడతాయి. సెంటర్ స్టాండు వేసి, ముందు చక్రం గాల్లోకి లేపించి, హ్యాండిల్‌ని ఒక్క వేలితో మెల్లగా తిప్పండి. సరిగ్గా నడిమధ్యలో టక్కున ఆగినట్టు అనిపిస్తే సెట్ మొత్తం మార్చాలి. నట్టు బిగిస్తే శబ్దం పోతుంది గానీ ఆ పట్టు పోదు, నెమ్మదిగా నడిపేటప్పుడు బండి అటూ ఇటూ తూలుతుంది.

సముద్రపు గాలి మరో బెడద. బీచ్ రోడ్డు మీదుగా వచ్చాక ఉప్పు ముందుగా పట్టేది సైలెన్సర్ అతుకులు, కేబుల్ కొసలు, ఫోర్కు రాడ్లు. ఫోర్కు రాడ్డు మీద తుప్పు చుక్క లేచిందంటే అది ఆయిల్ సీలును కోస్తుంది, ఇక కారడమే. ఇంటికి రాగానే మంచినీళ్లు పోసి తడిగుడ్డతో తుడిస్తే చాలు. వాటర్ సర్వీసింగులో ప్రెషర్ గన్ను చక్రం బేరింగుల మీదా, వైరింగు కనెక్టర్ల మీదా కొట్టనివ్వొద్దు. బ్యాటరీ టెర్మినళ్లకు కాస్త వాజలీన్ రాయండి. బ్యాటరీ పూర్తిగా పడిపోతే పెట్రోలు పంపుకి కరెంటు చాలక కిక్కు కొట్టినా మొండికేయొచ్చు.

ఇంజను ఆయిల్ 10డబ్ల్యూ30. దుమ్ము దారులకు 3,000 కిలోమీటర్లకోసారి మార్చడం నా పద్ధతి. లీటరు డబ్బా మొత్తం గుమ్మరించకుండా కొంచెం కొంచెం పోస్తూ, బండి నిటారుగా పెట్టి, డిప్‌స్టిక్ మర బిగించకుండా ఊరికే ఆనించి చూడాలి. ఎయిర్ ఫిల్టర్ గడువుకన్నా ముందే మార్చండి. నూనె పట్టించిన పేపరు ఫిల్టర్‌ని గాలి కొట్టి శుభ్రం చేస్తే నూనె పోయి దుమ్ము లోపలికి దారి చేసుకుంటుంది.

హెడ్‌లైటు 35 వాట్ల హాలోజెన్. వెనక లైటు లేని ట్రాక్టర్లూ, ఇంటికి తోలుకొస్తున్న గేదెలూ రోడ్డు మీదుండే వేళకు అది చాలదు. 55, 60 వాట్ల బల్బు వేస్తే హోల్డర్ కరుగుతుంది, చిన్న బ్యాటరీ మీద భారం. చీకటి పడకముందే మెయిన్ రోడ్డు చేరేలా బయలుదేరడం తప్ప దీనికి మందు లేదు.

టైర్లు రెండూ 80/100-18, ట్యూబ్‌లెస్. గాలి ముందు 25, వెనక ఒక్కరికి 28 పీఎస్ఐ, ఇద్దరైతే స్టిక్కరు చూసి పెంచాలి. వెంట క్లచ్ కేబుల్, స్పార్క్ ప్లగ్గు, దాని స్పానర్, చైను లాకు, ఫ్యూజు, పంచరు కిట్టు, చిన్న పంపు పెట్టుకోండి. పల్లెల్లో పంచర్లు ఎక్కువగా సర్కారు తుమ్మ ముళ్లతో వస్తాయి. ముల్లు కనపడగానే లాగేయకండి. అది ఉన్నంతసేపు గాలి మెల్లగా పోతుంది, తీస్తే బుస్సుమంటుంది. ముందు కిట్టులోని రబ్బరు స్ట్రిప్పుని సూదిలో సగానికి ఎక్కించి, జిగురు రాసి సిద్ధం చేసుకోవాలి. ఆ తర్వాత ముల్లు పట్టకారుతో లాగి, ఆకురాయి కడ్డీని అదే వాలులో నాలుగైదుసార్లు దింపి తీసి, స్ట్రిప్పుని సెంటీమీటరు బయట మిగిలేలా గుచ్చి, సూదిని ఒక్క ఊపున లాగాలి. మిగిలిన కొసను మూడు మిల్లీమీటర్లు ఉంచి కోసి, గాలి కొట్టాక దాని మీద ఉమ్మి రాసి చూడండి. బుడగ రాకపోతే బయలుదేరవచ్చు, వస్తే రెండో స్ట్రిప్పు పక్కనే గుచ్చాలి.