నాలుగు వైపుల స్టాపా, రౌండబౌటా: ఏది మేలు?

అమెరికా నుంచి బ్రిటన్‌కో, బ్రిటన్ నుంచి అమెరికాకో మారేవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది: నాలుగు వైపులా స్టాప్ బోర్డున్న కూడలి మేలా, మధ్య దిమ్మె చుట్టూ తిరిగిపోయే రౌండబౌట్ మేలా? రూల్స్ రెండు చోట్లా ఒక పూటలో వచ్చేస్తాయి. అక్కడివాళ్లు వాటిని ఎలా వాడుతున్నారో కనిపెట్టడానికే వారాలు పడుతుంది.

అమెరికాలో నాలుగు వైపులా స్టాప్ బోర్డున్న కూడలిలో ముందొచ్చిన బండి ముందు పోతుంది. ఇద్దరూ ఒకేసారి వస్తే కుడిపక్కనున్నవాళ్లకు దారివ్వాలి. ఎదురెదురుగా ఆగితే, నేరుగా పోయేవాళ్లు పోయాకే ఎడమకు తిరిగేవాళ్లు కదలాలి. తెల్లగీతకు ఇవతలే చక్రాలు పూర్తిగా ఆగాలి. చాలామంది ఆపరు, వేగం తగ్గించి అలా పాకించేస్తారు. దానికి 'కాలిఫోర్నియా రోల్' అని ముద్దుపేరు కూడా ఉంది. చూసి నేర్చుకోకూడని అలవాటిది. పోలీసు చూస్తే టికెట్, డ్రైవింగ్ టెస్టులో అయితే ఫెయిల్ కావచ్చు. రెండో అలవాటు, 'నువ్వు వెళ్లు' అని చెయ్యి ఊపడం. ఆ మర్యాద ఆ ఒక్క డ్రైవరుది మాత్రమే. పక్కనుంచి వచ్చే మూడో బండికి దాంతో సంబంధం లేదు, కాబట్టి చెయ్యి చూశాక కూడా రెండు పక్కలా చూసే కదలాలి.

బ్రిటన్‌లో రౌండబౌట్ దగ్గర చూడాల్సింది ఒకే వైపు. లోపల తిరుగుతూ కుడినుంచి వచ్చేవాళ్లకు దారివ్వాలి. 1966 నుంచీ దేశమంతా ఇదే పద్ధతి. ఎడమకైతే ఎడమ లేన్, ఎడమ ఇండికేటర్. కుడికైతే కుడి లేన్, కుడి ఇండికేటర్. నేరుగా అయితే, బోర్డు వేరే చెప్పకపోతే, ఎడమ లేన్, లోపలికి వెళ్లేటప్పుడు ఇండికేటర్ అక్కర్లేదు. ఎటు వెళ్లినా, మీరు బయటికి పోవాల్సిన దారికి ముందున్న దారి దాటగానే ఎడమ ఇండికేటర్ వెయ్యాలి. ఈ చివరిది చాలామంది ఎగ్గొడతారు, కొందరు మరీ ముందే వేసేస్తారు. అందుకే ఇండికేటర్‌ని నమ్మకుండా ముందు చక్రం ఎటు తిరుగుతోందో చూడండి.

కొత్తవాళ్లు దెబ్బతినేది ఖాళీ ఉన్నా జంకి ఆగిపోయినప్పుడు. వెనకవాడు అప్పటికే కుడికి చూస్తుంటాడు. మీరు కదిలేశారనుకుని ముందుకొచ్చి డిక్కీకి గుద్దుతాడు. మీరే వెనక ఉంటే, ముందు బండి నిజంగా కదిలిందని చూశాకే తల కుడికి తిప్పాలి. ఇంకో మాట: మన దగ్గర లైటు కొడితే 'నేనొస్తున్నా, ఆగు' అని. బ్రిటన్‌లో చాలామంది 'నువ్వు పో' అనడానికి కొడతారు. అక్కడి రోడ్డు రూల్స్ పుస్తకం 'హైవే కోడ్' మాత్రం దాన్ని అనుమతిగా తీసుకోవద్దంటుంది.

నా ఓటు రౌండబౌట్‌కే. స్టాప్ బోర్డు అందరూ మాట వింటేనే పనిచేస్తుంది. రోడ్డు తిన్నగానే ఉంటుంది కాబట్టి, ఒక్కడు చూసుకోకుండా వస్తే అదే వేగంతో పక్క తలుపులోకి దూసుకొస్తాడు. రౌండబౌట్‌లో బండిని నెమ్మదింపజేసే పని బోర్డుది కాదు, మధ్య దిమ్మెది. బండి వంపు తిరగక తప్పదు, వేగం తగ్గక తప్పదు, తగిలినా ఏటవాలుగా రాసుకుపోతుంది. మామూలు నాలుగు దారుల కూడలిలో బండ్ల దారులు కలిసే, ఖండించుకునే చోట్లు 32 ఉంటే, ఒకే లేన్ రౌండబౌట్‌లో 8. ఇండియానా రాష్ట్రంలోని కార్మెల్ ఊరు ఊరికే నూటికి పైగా రౌండబౌట్‌లు కట్టుకోలేదు. అయితే అమెరికాలో తిరిగేది ఎడమనుంచి, చూడాల్సిందీ ఎడమకే. బ్రిటన్ నుంచి వచ్చినవాళ్ల మెడ మొదట్లో కుడికే లాగుతుంది.

బడి పిల్లలు, నడిచేవాళ్లు ఎక్కువున్న వీధిలో మాత్రం స్టాపే మేలు. పెద్ద రౌండబౌట్‌ను కాలినడకన దాటడం నరకం. ఇక స్విండన్‌లోని ఐదు చిన్న రౌండబౌట్‌ల 'మ్యాజిక్ రౌండబౌట్' జోలికి మొదటి నెలలో పోకండి.

జర్మనీకి మారేవాళ్లకూ ఒక మాట: అక్కడ బోర్డు, సిగ్నల్ లేని చిన్న వీధుల కూడళ్లలో కుడినుంచి వచ్చేవాళ్లదే ముందు, వాళ్లది ఎంత సన్న సందైనా సరే. నాలుగు వైపులా నలుగురు వస్తే ఒకరు చెయ్యి ఊపి వదులుకోవాల్సిందే. అక్కడి రౌండబౌట్‌లో దూరేటప్పుడు ఇండికేటర్ వెయ్యకూడదు, బయటికి వచ్చేటప్పుడు వెయ్యాలి.