బోరు దగ్గర సోలార్ కెమెరా: మూడేళ్ల వాడకం తర్వాత

మాది నల్లగొండ జిల్లా, చండూరు వైపు పల్లె. కొంత బత్తాయి, కొంత వరి. 2022 డిసెంబర్‌లో యాసంగి నారు పోసిన వారానికే స్టార్టర్ డబ్బా నుంచి బోరు దాకా ఉన్న కేబుల్ కోసుకుపోయారు. కాలువ గట్టున వైరు కాల్చిన మసి మాత్రం కనిపించింది. ఆ రాగి అమ్మితే వాళ్లకు వెయ్యి కూడా వచ్చి ఉండదు. నాకు కొత్త వైరుకు, మెకానిక్‌కు నాలుగు వేలు దాటింది, నారు సగం ఎండింది. మళ్లీ పోసేసరికి నాటు ఆలస్యమైంది.

2018 జనవరి 1 నుంచి 24 గంటల కరెంటు వచ్చాక రాత్రి కరెంటు కోసం బాయి దగ్గర పడుకునే బాధ తప్పింది. దాంతో రాత్రిపూట చేలల్లో మనిషి అలికిడే లేకుండా పోయింది. దొంగలకు అదే కలిసొచ్చిందని నాకనిపిస్తుంది.

2023 జనవరిలో సిమ్‌తో నడిచే సోలార్ కెమెరా ఆరున్నర వేలకు కొన్నాను. మనిషి కదిలితే ఫోన్ మోగుతుంది. మొదట్లో అడవి పంది వచ్చినా, గడ్డి ఊగినా మోగేది, నిద్ర ఉండేది కాదు. సెట్టింగుల్లో మనుషులకు మాత్రమే పెట్టాక తగ్గింది. సాలీడు గూడు కడితే రాత్రి బొమ్మంతా తెల్లగా వస్తుంది, వారానికోసారి తుడవాల్సిందే. ముసురు పట్టి మూడు రోజులు ఎండ లేకపోతే ఆగిపోతుంది. రెండున్నరేళ్లకు బ్యాటరీ మార్చాను. రాత్రి ముప్పై అడుగులు దాటితే ముఖం పోల్చలేం.

2024 ఫిబ్రవరిలో ఒక రాత్రి ఫోన్ మోగింది. ఇద్దరు, ఒక బండి. ఫోన్‌లోంచే, కెమెరా స్పీకర్‌లో వినపడేలా, "ఎవర్రా అది?" అని గట్టిగా అరిచాను, పారిపోయారు. ఆ సంతోషం మూడు రోజులే. అవతలి బోరు కేబుల్ పోయింది. "నీ కాడ కెమెరా ఉన్నదని నా బాయి మీద పడ్డరు గదా అన్నా" అన్నాడు ఆ బోరు రైతు. ఏం చెప్పాలో తోచలేదు.

ఏప్రిల్‌లో ఏకంగా ట్రాన్స్‌ఫార్మర్‌నే దించి, ఆయిల్ పారబోసి, రాగి చుట్టలు ఎత్తుకెళ్లారు. దాని మీద పదకొండు మోటార్లు. కొత్తది వచ్చేదాకా తొమ్మిది రోజులు అందరి చేలూ ఎండాయి. బత్తాయి పిందె రాలింది. పశువులకు నీళ్లు ట్యాంకర్‌తో తెచ్చుకున్నాం. విద్యుత్ చట్టం 136 సెక్షన్ కింద కరెంటు లైన్లు, సామాన్ల దొంగతనానికి మూడేళ్ల దాకా జైలు పడవచ్చు. కానీ దొరికితే కదా.

అప్పుడు అందరం చందాలు వేసుకొని ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఇంకో కెమెరా పెట్టాం. మోగితే ముగ్గురికి ఫోన్ చేయాలి, ఒంటరిగా ఎవరూ పోవద్దు. అప్పటి నుంచి ఆ లైన్ మీద దొంగతనం జరగలేదు.

ఒక తప్పు మాత్రం నాదే. ఆ ఫిబ్రవరి బొమ్మను వాట్సాప్ గ్రూపులో పెట్టాను. ముఖం సరిగా లేదు. పత్తి ఏరడానికి వచ్చే ఒక కుర్రాడిలా ఉన్నాడని ఊళ్లో అనుకున్నారు, నిలదీశారు. ఆ రాత్రి అతను వేరే ఊళ్లో పెళ్లిలో ఉన్నాడని తర్వాత తేలింది. వాళ్లింటికి వెళ్లి క్షమించమని అడిగాను. వాళ్లమ్మ నీళ్లు ఇచ్చింది, మాట్లాడలేదు. రెండేళ్లుగా ఆ కుటుంబం మా ఊరి పనికి రావడం లేదు.

ఇప్పుడు వీడియో ఉంటే మెమరీ కార్డులో చెరిగిపోకముందే పెన్‌డ్రైవ్‌లోకి తీసి పోలీస్ స్టేషన్‌లో ఇస్తున్నాం, గ్రూపులో పెట్టం. కొనేవాళ్లు ముందు బోరు దగ్గర ఏ సిమ్‌కు సిగ్నల్ వస్తుందో చూసుకోండి. కొనేటప్పుడే పక్క బోరు వాళ్లను కూడా అడగండి.