పెకిన్ నూడిల్ పార్లర్, బ్యూట్: ఏళ్ల తరబడి తిన్నాక

ముందే చెప్తున్నా, చైనాలోని సిచువాన్ ప్రాంతపు కారం కోసం వెతుక్కుంటూ వచ్చేవాళ్లకి ఈ చైనీస్ రెస్టారెంట్ సరిపడదు. చాప్ సూయి (మాంసం, కూరగాయలు కలిపి వేయించి చిక్కటి సాస్‌లో చేసే అమెరికన్ చైనీస్ వంటకం), చౌ మీన్ (వేయించిన నూడుల్స్), తియ్యటి సాస్‌లు... వందేళ్ల కిందట గని కార్మికుల నోటికి నచ్చిన వంటే ఇంకా వండుతున్నారు. మైనింగ్ చదువుకోడానికి అమెరికాలోని మోంటానా రాష్ట్రానికి వచ్చి, ఈ రాగి గనుల ఊరు బ్యూట్‌లోనే ఉండిపోయిన నాకు ఇప్పుడు ఆ రుచే అలవాటు.

మెయిన్ స్ట్రీట్‌లో ‘చాప్ సూయి’ అని నియాన్ బోర్డు కనిపిస్తుంది. మెట్లెక్కి పైఅంతస్తుకి వెళ్లాలి, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లుంటే ఆలోచించుకోండి. పైన పొడవాటి నడవా, అటూ ఇటూ నారింజ రంగు వేసిన చిన్న చిన్న చెక్క గదులు, గుమ్మానికి కర్టెన్లు. వీటిని చూసి ఇదొకప్పుడు వేశ్యాగృహమని కథలు చెప్తుంటారు. నమ్మకండి. గుట్టుగా కూర్చుని తినడానికి అప్పట్లో హోటళ్లలో ఇలాంటి గదులు మామూలే.

1911లో మొదలైంది. అమెరికాలో ఆగకుండా నడుస్తున్న చైనీస్ రెస్టారెంట్లలో ఇదే పాతదని పేరు. వయసు సరే, ఈ ఊళ్లో బతికి బట్టకట్టడమే నాకు వింత. 1882లోనే చైనా కూలీలు దేశంలోకి రాకుండా చట్టం చేశారు. 1896-97లో బ్యూట్ కార్మిక సంఘాలు చైనీయుల హోటళ్లని, లాండ్రీలని బహిష్కరించి, గుమ్మాల ముందు కాపలా పెట్టి గిరాకీని వెనక్కి తిప్పాయి. చైనీయులు ఊరుకోలేదు, ఫెడరల్ కోర్టుకెక్కి గెలిచారు. ఆ గొడవ సద్దుమణిగిన పద్నాలుగేళ్లకి ఈ హోటల్ తెరిస్తే, షిఫ్టు దిగిన రాగి గని కార్మికులే వచ్చి తిన్నారు!

1982లో ఊళ్లోని పెద్ద రాగి గని బర్కిలీ పిట్ మూతపడి ఊరు చితికినా ఇక్కడ పొయ్యి ఆరలేదు. దశాబ్దాలపాటు నడిపిన డానీ వాంగ్ 2020లో పోయారు, ఇప్పుడు కొడుకు చూసుకుంటున్నారు. 2023లో, అమెరికాలో వంటల రంగానికి పేరున్న అవార్డులిచ్చే జేమ్స్ బేర్డ్ ఫౌండేషన్ వాళ్ల ‘అమెరికాస్ క్లాసిక్స్’ అవార్డు వచ్చాక బయటూళ్ల జనం పెరిగారు.

ఏం తినాలంటే, ముందు పోర్క్ ముక్కలు చెప్పండి. ముక్కని ఆవ ముద్దలో అద్ది, నువ్వుల్లో దొర్లించి నోట్లో వేసుకోవాలి. ఒక్క క్షణం ఏమీ తెలియదు, ఆ తర్వాత ఘాటు నషాళానికంటి కళ్లలో నీళ్లు తిరుగుతాయి. ఆవ పెట్టిన పనసపొట్టు కూర తిన్నవాళ్లకి బెంగ లేదు. తర్వాత నూడుల్స్. తీపి పడనివాళ్లు స్వీట్ అండ్ సోర్ జోలికి పోకండి.

తెరిచేది సాయంత్రాలే. మార్చి 17న మాత్రం కారు దూరంగా పెట్టుకుని నడవండి, ఐరిష్ వాళ్ల సెయింట్ పాట్రిక్స్ డే పండగకి ఊరంతా రోడ్ల మీదే ఉంటుంది.