గుడ్డు లేకుండా స్వీడిష్ పాన్‌కేకులు: ఏవి కుదిరాయి, ఏవి కుదరలేదు

స్కాండినేవియా పాన్‌కేకుల్ని వీగన్‌గా (పాలు, వెన్న, గుడ్డు లాంటివేవీ లేకుండా) చేయాలనుకునేవాళ్లకు ముందే చెప్పేస్తున్నా, పాలు మానేయడం అసలు సమస్యే కాదు, తలనొప్పంతా గుడ్డుతోనే. పైగా ఒక్కో రకంలో గుడ్డు చేసే పని ఒక్కోలా ఉంటుంది. అందుకే "గుడ్డుకు బదులు ఇది వేసేయండి, చాలు" అని ఒకే చిట్కా చెప్పేవాళ్లు బహుశా ఒకే రకం చేసి ఊరుకుని ఉంటారని నా అనుమానం.

మేం స్వీడన్‌లోని మాల్మోలో ఉంటాం. ఇక్కడ కాపురం పెట్టినప్పటి నుంచి, అంటే చాలా ఏళ్లుగా, ఇవి చేస్తూనే ఉన్నాను. మా పాపకి స్కూల్లో మధ్యాహ్నం పెట్టే స్వీడిష్ పాన్‌కేకులు, పన్‌కాకూర్ (ఒక్కటైతే పన్‌కాకా) అంటే పిచ్చి (స్వీడన్‌లో బడి భోజనం ఉచితం, ఇవి పెట్టే రోజు పిల్లల హుషారు చూడాలి), మా ఆయనకి పాలు పడవు, వేసవిలో వచ్చి ఉండే మా అత్తగారు గుడ్డు ముట్టరు. ముగ్గురికీ మూడు రకాలుగా చేసే ఓపిక నాకు లేదు, అందుకని అందరికీ పనికొచ్చేదొకటి పట్టుకున్నాను. మిగతా రోజుల్లో మా ఇంట్లో పెరుగూ ఉంటుంది, నెయ్యీ ఉంటుంది, కాబట్టి వీగన్ సిద్ధాంతం గురించి నన్ను అడక్కండి.

ముందు మామూలు పల్చటి పన్‌కాకూర్ సంగతి. స్వీడన్‌లో ఎవరిని అడిగినా దాదాపు ఒకటే కొలత చెబుతారు: మూడు గుడ్లు, 6 డెసీలీటర్ల పాలు, రెండున్నర డెసీలీటర్ల మైదా, అర టీస్పూన్ ఉప్పు, మూడు పెద్ద చెంచాల వెన్న. ఇక్కడ వంటింట్లో తూకం తక్కువ, డెసీలీటర్ కొలత గిన్నెలే ఎక్కువ. డెసీలీటర్ అంటే 100 మి.లీ., మైదా అయితే సుమారు 60 గ్రాములు. ఆ కొలత ఒకసారి చూడండి, పిండికి రెట్టింపు కంటే ఎక్కువే పాలు. అంత జారుడు పిండి పెనం మీద ఒక్క ముక్కగా నిలబడుతోందంటే అది మైదా గొప్పతనం కాదు, గుడ్డులోని ప్రోటీన్ వేడికి గట్టిపడి మొత్తాన్నీ పట్టుకోవడం వల్ల. పచ్చసొనలోని లెసిథిన్ వల్ల వెన్న కూడా విడిపోకుండా పిండిలో కలిసి ఉంటుంది. గుడ్డు తీసేసి పాలు మాత్రం అంతే పోస్తే అట్లకాడ పెట్టగానే మధ్యలో చిరిగి, పెనం మీద ముద్ద తయారవుతుంది. చాలా వీగన్ రెసిపీల్లో ఇదే లోపం: గుడ్డుకి బదులు ఏదో ఒకటి కలుపుతారు గానీ పాలు తగ్గించరు.

నేను ఇప్పుడు వాడే కొలత ఇది. మైదా రెండున్నర డెసీలీటర్లు, శనగపిండి అర డెసీలీటర్, ఓట్ పాలు 5 డెసీలీటర్లు, రెండు పెద్ద చెంచాల నూనె, అర టీస్పూన్ ఉప్పు. ముందు పిండిలో సగం పాలే పోసి ఉండలు లేకుండా విస్క్‌తో గట్టిగా కలపాలి, ఆ తర్వాతే మిగతా పాలు. కలిపాక కనీసం అరగంట పక్కన పెట్టాలి. గుడ్డు ఉంటే ఈ అరగంట ఎగ్గొట్టినా నడుస్తుంది, లేకపోతే నడవదు, ఎందుకంటే పిండి తడి పూర్తిగా పీల్చుకుంటేనే పట్టు వస్తుంది, శనగపిండిలోని పచ్చిదనం కూడా కాస్త తగ్గుతుంది. ఆ శనగపిండి అర డెసీలీటర్ దాటనివ్వకండి. దాటితే అది పన్‌కాకా కాదు, జామ్ రాసిన శనగపిండి అట్టు. మా ఆయన అదే బాగుందంటారు, ఆయన మాట వినకండి.

కాల్చడంలో తేడా ఒక్కటే, ఓపిక. గుడ్డు ఉన్నది నిమిషంలో గట్టిపడుతుంది, ఇది అంతకంటే ఎక్కువసేపు తీసుకుంటుంది. పైన తడి మెరుపు పూర్తిగా పోయి, అంచులు వాటంతట అవే లేచేదాకా ముట్టుకోకూడదు. సెగ మధ్యస్థం కంటే కొంచెం ఎక్కువ. పెనం ఏదైనా ఫర్వాలేదు, నేను మాత్రం నాన్‌స్టిక్ వదిలేసి పోత ఇనుముకి వచ్చాను, అదీ మన దోసెల పెనమే, సూట్‌కేసులో ఇంటి నుంచి మోసుకొచ్చినది.

గుడ్డుకు బదులు అంటూ చెప్పే మిగతావన్నీ కూడా వాడి చూశాను. నానబెట్టిన అవిసె పొడి జిగురు ఇస్తుంది గానీ వేడికి గట్టిపడదు, అందుకే పన్‌కాకా మధ్యలో జిగటగా ఉండిపోతుంది, పైన గోధుమరంగు చుక్కలు సరేసరి. షాపుల్లో అమ్మే గుడ్డు బదులు పొడి అంటే ఎక్కువగా ఏదో ఒక స్టార్చ్, పొంగడానికి కాస్త సోడా, అది కేకులకి. అరటిపండు వేస్తే అరటిపండు రుచే వస్తుంది, దాని గురించి చెప్పడానికి ఇంకేం లేదు. ఇసబ్‌గోల్ చిటికెడు వేస్తే పట్టు బాగుంటుంది, చిటికెడు దాటితే పిండి గరిటె నుంచి జారదు. ఆ గుడ్డు వాసన కావాలనుకునేవాళ్లు నల్ల ఉప్పు చిటికెడు వేసుకోవచ్చు, దానిలో ఉండే గంధకం వల్ల అచ్చం ఆ వాసనే వస్తుంది, మా అత్తగారు ఉన్నప్పుడు మాత్రం ఆ డబ్బా బయటికి తీయను.

ఇక పాలు. ఓట్ పాలు పుట్టిందే మా పక్కన, లుండ్ యూనివర్సిటీలో, రైలెక్కితే పావుగంట. రికార్డ్ ఓస్టే అనే ఆయన అక్కడ చేసిన పరిశోధన నుంచే ఓట్లీ కంపెనీ 1990లలో మొదలైంది. ఓట్స్‌లోని పిండిపదార్థాన్ని ఎంజైములతో విడగొట్టి తయారు చేస్తారు కాబట్టి అందులో మాల్టోజ్ అనే చక్కెర దానంతట అదే వస్తుంది, విడిగా పంచదార వేయకపోయినా కాస్త తియ్యగా ఉండేది అందుకే. పాన్‌కేకుల విషయంలో దీనివల్ల ఒక లాభం, ఒక నష్టం. రంగు మంచిగా వస్తుంది, కానీ పెనానికి అంటుకునే గుణం కూడా దాని వెంటే వస్తుంది, ముఖ్యంగా ఏడు గుంటలున్న ప్లెట్టార్ పెనంలో. ప్లెట్టార్ అంటే ఇదే పిండితో పోసే అరచేతికంటే చిన్న పాన్‌కేకులు, పిల్లలున్న ఇంట్లో తప్పనిసరి. ఆ పెనంలో ప్రతి వాయికీ ప్రతి గుంటలోనూ కొవ్వు రాయాల్సిందే, బద్ధకిస్తే తర్వాత గీకుతూ కూర్చోవాలి. కాఫీ కోసం అమ్మే బరిస్టా రకంలో కొవ్వు కాస్త ఎక్కువ కాబట్టి పన్‌కాకా మెత్తగా వస్తుంది, నేను అదే వాడతాను. బాదం పాలు నీళ్లలా ఉంటాయి, వద్దు. సోయా పాలలో ప్రోటీన్ ఎక్కువ కాబట్టి వాటి చోటు వేరే ఉంది, దానికి వస్తాను.

నిజంగా పోయేది ఏమిటంటే వెన్న కాగిన వాసన. స్వీడిష్ పాన్‌కేకు ఇంట్లో చేస్తుంటే మెట్ల దాకా వచ్చే ఆ ఘుమఘుమ పెనం మీద వెన్న ఎర్రబడటం వల్ల వచ్చేది, అది ఏ మార్గరిన్‌తోనూ రాదు. ఇక్కడ మార్గరిన్ కొనేటప్పుడు డబ్బా వెనక చదవాలి, కొన్నింటిలో పాల పదార్థాలు కలుస్తాయి. నేను పాలు లేని మార్గరిన్, రేప్‌సీడ్ నూనె సగం సగం వాడతాను, ఒట్టి నూనెతో అయితే అంచులు కరకరలాడతాయి గానీ రుచి చప్పగా ఉంటుంది. మా అత్తగారు తన ప్లేట్లో దానిమీద ఒక చెంచా నెయ్యి వేసుకుని "ఇప్పుడు బాగుందే అమ్మాయ్" అంటారు. వీగన్‌కి అక్కడితో సరి.

డెన్మార్క్ వాళ్ల ఎబ్లెస్కీవర్ ఇంకో కథ. మాకు ఓరెసుండ్ వంతెన దాటితే కోపెన్‌హాగెన్, డిసెంబర్లో అక్కడ ఎక్కడ చూసినా ఇవే: యాలకుల వాసనతో గుండ్రటి ఉండలు, పైన పంచదార పొడి, పక్కన జామ్. పేరులో ఆపిల్ ఉన్నా ఇప్పుడు చాలావరకు లోపల ఆపిల్ ముక్క ఉండదు. ఆ పెనం చూడగానే తెలుగువాళ్లెవరైనా నవ్వుతారు, అచ్చం గుంత పొంగనాల పెనం. డేనిష్ పెనంలో గుంటలు ఇంకాస్త లోతు, అంతే తేడా. మన పెనంలో కూడా చేయొచ్చు, నేను రెండింట్లోనూ చేస్తాను, మనదాంట్లో చిన్నవి వస్తాయి, త్వరగా ఉడుకుతాయి.

ఇక్కడ గుడ్డు పని వేరు. వాళ్లు తెల్లసొన గిలక్కొట్టి నురగ కలుపుతారు, అంటే పట్టు కంటే గాలి ముఖ్యం. అందుకని ఇందులో శనగపిండి అక్కర్లేదు, సోడా చాలు. 4 డెసీలీటర్ల సోయా పాలలో పెద్ద చెంచాడు నిమ్మరసం పిండి పది నిమిషాలు ఉంచితే విరిగి చిక్కగా మజ్జిగలా తయారవుతాయి (ఓట్ పాలు ఇలా సరిగ్గా విరగవు, ప్రోటీన్ తక్కువ కదా). దాంట్లో 250 గ్రాముల మైదా, పెద్ద చెంచా పంచదార, అర టీస్పూన్ వంటసోడా, ఒక టీస్పూన్ బేకింగ్ పౌడర్, యాలకుల పొడి, నిమ్మ తొక్క తురుము, రెండు చెంచాల నూనె, ఉప్పు. కలిపిన వెంటనే పోసేయాలి, నానబెడితే గాలి పోతుంది. అడుగు గట్టిపడ్డాక సన్నపుల్లతో పావు వంతు తిప్పితే లోపలి పిండి గుంటలోకి జారి ఉండ తయారవుతుంది, గుడ్డు లేనప్పుడు ఆ మొదటి పావు తిప్పడానికి ఇంకాస్త ఆగాలి, లేకపోతే పొర చిరిగి పిండంతా కారుతుంది. డేన్‌లు దీనికి అల్లిక సూది వాడతారు, నేను కెబాబ్ పుల్ల వాడతాను.

కొంతమంది డబ్బా శనగల నీళ్లు గిలక్కొట్టి వేయమంటారు, అదే అక్వాఫాబా. 2014లో జోయెల్ రోసెల్ అనే ఫ్రెంచ్ ఆయన దాని నురగ సంగతి బయటపెట్టాడు, ఆ పేరు మరుసటి ఏడాది అమెరికాలో పుట్టింది. పనిచేస్తుంది, ఉండలు నిజంగానే తేలికవుతాయి, కాకపోతే చల్లారాక కుంగిపోతాయి, వేడివేడిగా తినేసేవాళ్లకైతే ఓకే. రోజూవారీకి ఆ కష్టం అనవసరం అని నా అభిప్రాయం.

నార్వే పడమటి తీరంలో ఫెర్రీల్లో అమ్మే స్వేలె అనే పాన్‌కేకుది కూడా దాదాపు ఇదే పద్ధతి, విరిగిన సోయా పాలు, సోడా, మందంగా పోసి సగానికి మడవడమే. లోపల పెట్టే ఆ గోధుమరంగు తియ్యటి చీజ్‌కి మాత్రం వీగన్‌లో సాటి రాలేదు, మార్గరిన్, పంచదారతో సర్దుకోండి.

ఓవెన్‌లో చేసే ఉగ్న్స్‌పన్‌కాకా నాకు ఎప్పుడూ పూర్తిగా తృప్తి ఇవ్వలేదు. గుడ్లున్నది 225 డిగ్రీల దగ్గర అంచులు పొంగి పైకి లేస్తుంది, లేనిది కదలదు మెదలదు, కోస్తే లోపల సాగుడు. బేకింగ్ పౌడర్ వేసి పల్చగా పరిస్తే తినేలా ఉంటుంది, అంతకంటే పొగడలేను. దానికి బదులు ఆలాండ్ దీవుల పాన్‌కేకు చేయండి, నా మొత్తం అనుభవంలో వీగన్‌గా మారినా అన్నిటికంటే తక్కువ నష్టపోయేది ఇదే. ఎందుకంటే దానికి ఆధారం గుడ్డు కాదు, ముందే ఉడికించిన రవ్వ. బొంబాయి రవ్వని ఓట్ పాలలో చిక్కటి జావలా ఉడికించి, చల్లారాక కొంచెం మైదా, పంచదార, దండిగా యాలకుల పొడి, కరిగించిన మార్గరిన్ కలిపి, పళ్లెంలో పోసి ఓవెన్‌లో పైన ఎర్రబడేదాకా ఉంచడమే. వాళ్లు ఎండు ప్లమ్ పళ్లు ఉడికించిన తియ్యటి గుజ్జు, గిలక్కొట్టిన క్రీమ్‌తో తింటారు. గోట్‌లాండ్ దీవిలో ఇలాగే అన్నం పాయసంతో, కుంకుమపువ్వు, బాదం వేసి చేస్తారు, అదీ గుడ్డు లేకుండా బాగానే నిలబడుతుంది. రగ్‌మున్క్ అనే ఆలుగడ్డ తురుము పాన్‌కేకు కూడా అంతే, గుడ్డు తీసేసి పాలు కొంచెం తగ్గిస్తే చాలు, ఆలుగడ్డలోని పిండే పట్టుకుంటుంది.

మా స్కోనె ప్రాంతపు ఎగ్గాకాకా జోలికి మాత్రం వెళ్లకండి. దాని పేరులోనూ గుడ్డే, పెనంలోనూ గుడ్డే. అది తీసేశాక మిగిలేదాన్ని ఇంకేదో పేరుతో పిలుచుకోవచ్చు గానీ స్కోనె వాళ్ల ముందు ఆ పేరు ఎత్తకండి.

పైన వేసుకునేవాటితో గొడవ లేదు. లింగన్ అనే చిన్న ఎర్రటి పుల్లటి పళ్లు వండకుండానే పంచదారతో కలిపేస్తారు, వాటిలో సహజంగా బెంజోయిక్ ఆమ్లం ఉంటుంది కాబట్టి త్వరగా పాడవవు. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకి ఐకియాలో ఆ జామ్ దొరుకుతుంది. ఓట్ క్రీమ్ గిలక్కొట్టాలంటే గిన్నెతో సహా ముందు ఫ్రిజ్‌లో పెట్టి బాగా చల్లబరచండి. గురువారాలు ఇక్కడ పసుపు బఠాణీల సూప్, దాని తర్వాత పన్‌కాకూర్ తినడం పాత అలవాటు, ఇప్పటికీ చాలా క్యాంటీన్లలో అదే మెనూ. సూప్‌లో పంది మాంసం వేయకుండా థైమ్, ఆవ పేస్టుతో చేస్తే భోజనం మొత్తం వీగన్ అయిపోతుంది, మా ఇంట్లో గురువారం వంట ఏమిటన్న టెన్షన్ అలా పోయింది.

మిగిలినవాటి సంగతి ఒకటి. గుడ్డు లేని పన్‌కాకూర్ ఫ్రిజ్‌లో మర్నాటికి బిరుసెక్కుతాయి, మడిస్తే విరుగుతాయి. మైక్రోవేవ్‌లో పెడితే మెత్తబడతాయి గానీ నిమిషాల్లో సాగుడుగా మారతాయి, అందుకే పెనం మీద రెండు చుక్కల నూనెతో రెండు వైపులా కాల్చుకోవడం మేలు. దానికంటే కలిపిన పిండినే ఫ్రిజ్‌లో దాచుకోండి, రెండో రోజు కూడా బాగుంటుంది, అడుక్కి దిగిన శనగపిండిని గరిటెతో పైకి కలిపి, చిక్కబడి ఉంటే కాసిన్ని ఓట్ పాలు పోసుకుంటే సరిపోతుంది.