‘సీల్డ్ పీస్’ అని అమ్మిన జీపీఎస్‌లో తారీఖు 2005: కొనేముందు ఆరుబయటికి తెచ్చి చూడండి

ట్రెక్కింగ్ కోసం చేతిలో పట్టుకునే చిన్న జీపీఎస్ కొనాలనుకుంటున్న హైదరాబాద్ వాళ్లు ముందు ఇది చదవండి. నేను 11,500 రూపాయలు పోగొట్టుకున్నాను. డబ్బు పోతే పోయింది, ఒక పిల్లాడిని చీకట్లో అడవిలో నడిపించాల్సి వచ్చింది. అందుకే రాస్తున్నాను.

నాకు కావాల్సింది చాలా సింపుల్. బరువు తక్కువ ఉండాలి, పెన్సిల్ సెల్స్‌తో నడవాలి, వచ్చిన దారిని గుర్తుపెట్టుకుని వెనక్కి తీసుకురావాలి. సికింద్రాబాద్‌లో ఒక సెల్లార్ షాపులో దొరికింది. పేరున్న కంపెనీదే, పెట్టె మీద ప్లాస్టిక్ కవరు కూడా ఉంది. ఆన్ చేసి చూపించమంటే, “లోపల సిగ్నల్ రాదు సార్, బయట చూస్కోండి. సీల్డ్ పీస్, ఏం టెన్షన్ లేదు, నేనున్న కదా” అన్నాడు. పైకప్పు కింద జీపీఎస్ పనిచేయదన్నది నిజమే. ఆ నిజాన్నే అడ్డం పెట్టుకున్నాడని తర్వాత అర్థమైంది.

2024 నవంబర్ 16, శనివారం. మా బావమరిది, పన్నెండేళ్ల వాళ్లబ్బాయి, నేను వికారాబాద్ దగ్గర అనంతగిరికి వెళ్లాం. ముందురోజే కార్తీక పౌర్ణమి కావడంతో గుడి దగ్గర జనం ఎక్కువ. మేం దూరంగా అడవి బాట పట్టాం. జీపీఎస్ మొదట్లో సిగ్నల్ అందుకోవడానికి పావుగంట తీసుకుంది గానీ తర్వాత దారి బాగానే గీసింది. సాయంత్రం 4:40కి సూర్యాస్తమయం పేజీ చూస్తే 6:29 అని ఉంది. ఇంకా దాదాపు రెండు గంటలు వెలుగుంటుంది, తిరుగు దారి గంటంబావు, సరిపోతుందనుకుని కాసేపు కూర్చున్నాం.

ఆ రోజు హైదరాబాద్ వైపు పొద్దు కుంకేది 5:40 ప్రాంతంలో. ఆరు దాటేసరికి చెట్ల కింద ఏమీ కనిపించలేదు. మా దగ్గర ఫోన్ టార్చి ఒక్కటే ఉంది. “మామయ్యా, ఇంకా ఎంత దూరం?” అని పిల్లాడు అడుగుతూనే రాయి మీద జారాడు, చీలమండ బెణికింది. వాళ్ల నాన్న భుజాన ఎత్తుకుంటే నేను ముందు నడుస్తూ స్క్రీన్ మీద గీత చూసి దారి పట్టాను. చలికాలం పొద్దు తొందరగా పోతుందని నాకు తెలియక కాదు. చేతిలో యంత్రం నిమిషాలతో సహా చెబుతుంటే నమ్మేశాను.

ఇంటికొచ్చి మెనూలన్నీ తెరిచి చూస్తే తారీఖు 2005 ఏప్రిల్ 2 అని ఉంది. అదీ శనివారమే, గడియారం టైమూ సరిగ్గానే ఉంది, కాబట్టి అనుమానం రాలేదు. ఏప్రిల్ మొదట్లో అయితే ఇక్కడ పొద్దు ఆరున్నర ప్రాంతంలో కుంకుతుంది. యంత్రం ఆ రోజు లెక్కే చెప్పింది.

కారణం ఇది. జీపీఎస్ ఉపగ్రహాలు తారీఖును వారాల సంఖ్యగా పంపిస్తాయి. పాత పద్ధతిలో ఆ సంఖ్య 0 నుంచి 1023 వరకే వెళ్లి మళ్లీ సున్నా అవుతుంది. 1980 జనవరిలో మొదలైన లెక్క 1999 ఆగస్టులో ఒకసారి, 2019 ఏప్రిల్‌లో మరోసారి సున్నా అయింది. కొత్త సాఫ్ట్‌వేర్ లేని పాత రిసీవర్లు సరిగ్గా 1024 వారాలు, అంటే పందొమ్మిదిన్నరేళ్లకు పైగా, వెనక్కి వెళ్లిపోతాయి. చోటు సరిగ్గానే చూపిస్తాయి, తారీఖు మాత్రం తప్పు. సాఫ్ట్‌వేర్ మారిస్తే కొన్ని బాగుపడతాయి. నా దానికి అలాంటిదేమీ లేదు. సీరియల్ నంబర్ ఇచ్చి కంపెనీని అడిగితే, అది చాలా ఏళ్ల కిందట విదేశంలో అమ్మిన పీస్ అని, ఇక్కడ వారంటీ లేదని తేలింది. వాడేసిన దాన్ని తుడిచి కొత్త పెట్టెలో పెట్టారన్నమాట. బ్యాటరీ మూత చుట్టూ ఉండే రబ్బరు కూడా ఎండి పగిలి ఉంది. వానలో తీస్తే నీళ్లు నేరుగా లోపలికే.

షాపువాడు “బిల్లు మీద నంబర్ లేదు కదా, మా దగ్గర కొన్నదే అని ఏంటి గ్యారంటీ?” అన్నాడు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాను.

మీరు కొనేటప్పుడు డబ్బులివ్వకముందే షాపు బయట ఆకాశం కనిపించే చోటికి తీసుకెళ్లండి. ఎన్నో నెలలు ఆన్ చేయనిదైతే పావుగంట ఓపిక పట్టండి. ఉపగ్రహాలన్నిటి పట్టిక అందడానికే పన్నెండున్నర నిమిషాలు పడుతుంది. మన ఊళ్లో 17 డిగ్రీల పైచిలుకు ఉత్తరం, 78 డిగ్రీల పైచిలుకు తూర్పు, ఎత్తు సుమారు 500 మీటర్లు రావాలి. ఆ తర్వాత సంవత్సరంతో సహా తారీఖు చూడండి. సెట్టింగ్స్‌లో డేటమ్ (అక్షాంశ రేఖాంశాలను ఏ కొలమానంతో లెక్కించాలో చెప్పేది) జీపీఎస్ వాడే డబ్ల్యూజీఎస్ 84 అని లేకపోతే పాత ఓనరు మార్చి ఉండొచ్చు. అలా వదిలేస్తే చోటు వందల మీటర్లు పక్కకు పోవచ్చు. సీరియల్ నంబర్ బిల్లు మీద రాయించుకోండి, రాయనంటే వచ్చేయండి.

“ప్రపంచ మ్యాప్ లోపలే ఉంది” అన్నమాట కూడా నమ్మకండి. చాలాసార్లు అందులో పెద్ద రోడ్లు, ఊళ్ల పేర్లే ఉంటాయి. అనంతగిరి బాటలు ఉండవు. జనమే కలిసి తయారుచేసే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ నుంచి తీసిన మ్యాపులు ఉచితంగా దొరుకుతాయి, అవి ఎక్కించుకునే వీలుందో లేదో అడగండి.

ఇప్పుడు నా దగ్గర గార్మిన్ ఈట్రెక్స్ 22ఎక్స్ ఉంది. బ్యాటరీలతో కలిపి 142 గ్రాములు. రెండు డబుల్ ఏ సెల్స్‌తో 25 గంటలు నడుస్తుందని కంపెనీ చెబుతుంది. మెమరీ కార్డు పెట్టుకోవచ్చు. దిక్సూచి మాత్రం మనం నడుస్తున్నప్పుడే దిక్కు చూపిస్తుంది, నిలబడితే చూపించదు. నిలబడినా చూపించాలంటే 32ఎక్స్ తీసుకోవాలి. నాకు ఇది చాలు.

ఇంకొక్క మాట. అదే షాపులో శాటిలైట్ ద్వారా మెసేజ్ పంపే పరికరం కూడా చూపించి, “ఇది ఇంకా సేఫ్ సార్” అన్నాడు. అలాంటివి మన దేశంలో ప్రభుత్వ అనుమతి లేకుండా దగ్గర పెట్టుకుంటే కేసవుతుంది. మామూలు జీపీఎస్ సిగ్నల్ అందుకుంటుందే తప్ప పంపదు, కాబట్టి దానికి ఆ గొడవ లేదు.

ఈ మధ్య ఇలాంటి ‘సీల్డ్ పీస్’ కొన్నవాళ్లుంటే ఇప్పుడే బాల్కనీలోకి వెళ్లి తారీఖు చూడండి. పందొమ్మిది, ఇరవై ఏళ్ల వెనకటి సంవత్సరం కనిపిస్తే స్క్రీన్ ఫోటో తీసి పెట్టుకోండి, పెట్టె, బిల్లు పారేయకండి.